రిమాండు కంటే ముందే లాయరు కావాలి

"సార్ రమ్మంటాండాడు, ఒకసారి వచ్చిపో."

అనంతపురం పల్లెల్లో పేదవాడి మీద కేసు చాలాసార్లు ఈ ఒక్క మాటతో మొదలవుతుంది. నోటీసు ఉండదు. కేసు నంబరు చెప్పరు. ఎందుకని అడిగితే వచ్చినాక తెలుస్తుందంటారు. వెళ్ళినవాడు స్టేషన్ వరండాలో బెంచీ మీద కూర్చుంటాడు. సాయంత్రం ఇంటికి పంపి మర్నాడు మళ్ళీ రమ్మనవచ్చు, రాత్రికి అక్కడే ఉంచేయనూ వచ్చు. రికార్డు ప్రకారం అతను ఇంకా అరెస్టు కాలేదు. కాబట్టి 24 గంటల లెక్క మొదలుకాదు, ఇంటివాళ్ళకు కబురు చేసే బాధ్యత ఎవరికీ ఉండదు, లాయరును కలిసే హక్కు గురించి ఎవరూ ఎత్తరు. అరెస్టు చూపించి హక్కులన్నీ కాగితం మీదికి వచ్చే వేళకు, అతను చెప్పదగిందీ చెప్పకూడనిదీ చెప్పేసి ఉంటాడు.

పోలీసు కస్టడీలో ఉన్న బలహీనుడికి న్యాయ సలహా అందడం గురించి మన దేశంలో చట్టం లేక కాదు. రాజ్యాంగం నుంచి సుప్రీంకోర్టు తీర్పుల దాకా కావలసినంత ఉంది. లేనిది ఒక్కటే: ఆ సలహా అందకపోతే కేసుకు ఏమవుతుందన్న జవాబు. ఏమీ కాదు గనుకే ఎవరూ అందించడం లేదు. ఈ సమస్యను ఎటు నుంచి తరచి చూసినా చివరికి అక్కడికే చేరుతున్నాం.

ముందు చట్టం నడిచిన దారి చూద్దాం. అరెస్టయిన వ్యక్తికి తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించే హక్కు ఉందని 22వ అధికరణం చెప్పింది. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టరాదని 20(3) అధికరణం చెప్పింది. ఈ రెండింటినీ కలిపి చదివిన తీర్పు 1978లో వచ్చింది. ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ సత్పతిని పోలీసులు విచారణకు పిలిచి రాతపూర్వకంగా ప్రశ్నలిస్తే ఆమె జవాబు చెప్పనన్నారు. ఆ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ చాలా దూరం వెళ్ళారు. ప్రశ్నించే సమయంలో లాయరు పక్కనుండాలని నిందితుడు కోరితే కాదనకూడదని, అధికార స్థానంలో ఉన్నవాడి ఎదుట ఒంటరిగా కూర్చున్న మనిషి మౌనం నిలబెట్టుకోవడం కష్టమని ఆయన గుర్తించారు. కానీ ఆ హక్కును గెలిచింది రాష్ట్రాన్ని ఏలిన నాయకురాలు, పెద్ద లాయర్లను పెట్టుకోగలిగిన మనిషి. మడకశిర దగ్గరి పల్లె నుంచి వచ్చిన కూలీ చేతికి అది చేరే ఏర్పాటు తీర్పులో లేదు.

ఆ తర్వాత దారి వెడల్పు కావాల్సింది పోయి ఇరుకైంది. 1996 డిసెంబరులో వచ్చిన డి.కె. బసు తీర్పు అరెస్టు మెమో, బంధువులకు సమాచారం, వైద్య పరీక్ష వంటి మంచి నియమాలు పెట్టింది. లాయరు విషయానికి వచ్చేసరికి, విచారణ జరుగుతున్నంతసేపూ కాకుండా మధ్యలో కలవనివ్వవచ్చని సరిపెట్టింది. అదే మాట క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 41డి సెక్షన్‌గా చేరి 2010 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. 2024 జులై 1న పాత కోడ్ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చినా, 38వ సెక్షన్‌లో ఆ మాట ఉన్నదున్నట్టుగానే ఉంది. కొత్త చట్టం రాయడానికి కూర్చున్నవాళ్ళకు ఈ ఒక్క వాక్యాన్ని సరిచేసే అవకాశం చేతికొచ్చింది. వాడుకోలేదు.

38వ సెక్షన్ "తనకు నచ్చిన న్యాయవాది" అంటుంది. లాయరును పెట్టుకునే తాహతు ఉన్నవాడికి అది పనికొస్తుంది. లేనివాడికి ప్రభుత్వ ఖర్చుతో లాయరును ఇవ్వాలనే 341వ సెక్షన్ కోర్టులో విచారణకూ అప్పీలుకూ వర్తిస్తుంది గాని, స్టేషన్ గదిలో జరిగే విచారణను ప్రస్తావించదు. అంటే డబ్బున్నవాడికి స్టేషన్‌లోనే లాయరు, లేనివాడికి కోర్టులో లాయరు. మధ్యలో ఉన్న రాత్రికి చట్టం పేరు పెట్టలేదు.

ఆ రాత్రి ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే సాక్ష్యం సంగతి చెప్పుకోవాలి. పోలీసు ముందు ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదని బ్రిటిష్ కాలం నుంచీ మన చట్టం చెబుతోంది. ఇప్పుడది భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్. చెల్లనప్పుడు భయమెందుకని అడిగేవాళ్ళున్నారు. అదే సెక్షన్‌కు ఒక మినహాయింపు ఉంది: నిందితుడు చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు దొరికితే, దానికి సంబంధించినంత మేరకు ఆ మాట చెల్లుతుంది. దొంగతనం కేసు అంతా ఈ "రికవరీ" మీదే నిలబడుతుంది. ఇద్దరు మధ్యవర్తులను పిలుస్తారు. సాధారణంగా వాళ్ళలో ఒకరు వీఆర్వో అయి ఉంటాడు. "నేను చూపిస్తాను రండి" అని నిందితుడు అన్నట్టు మధ్యవర్తుల రిపోర్టు తయారవుతుంది, కింద వేలిముద్ర పడుతుంది. రిపోర్టులో ఏముందో ఆ వేలిముద్ర వేసినవాడికి చదివి వినిపించారా అని ఆ గదిలో అడగాల్సిన మనిషి లాయరు ఒక్కడే. ఏడాదో రెండేళ్ళో అయ్యాక కోర్టులో ఆ మధ్యవర్తిని ఎంత గట్టిగా క్రాస్ చేసినా, ఆ రాత్రి జరిగినదాన్ని పూర్తిగా తిరగరాయడం కష్టం.

ఇక బలహీనులు ఎవరు? చట్టం కొందరిని గుర్తుపట్టింది. బాలల న్యాయ చట్టం 2015లోని 10వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్ళు నిండని పిల్లవాణ్ణి లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లోగా జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుంచాలి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఆడవాళ్ళను అసాధారణ పరిస్థితుల్లో, మహిళా అధికారి చేత, మేజిస్ట్రేట్ అనుమతితో తప్ప అరెస్టు చేయకూడదు. 60 ఏళ్ళు దాటినవారిని, జబ్బుతో ఉన్నవారిని మూడేళ్ళలోపు శిక్ష పడే నేరాలకు డీఎస్పీ అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదని కొత్త సంహితలో 35(7) చేరింది. అది మంచి నియమం, ఒప్పుకోవాల్సిందే.

అయితే ఈ కరువు నేల మీద బలహీనత చట్టం రాసిన గడుల్లో ఇమడదు. ఉమ్మడి అనంతపురం జిల్లా అక్షరాస్యత 2011 జనగణనలో సుమారు 64 శాతం, ఆడవాళ్ళలో అంతకంటే బాగా తక్కువ. వేరుశనగ పోయిన ఏడాది ఇంట్లో వయసులో ఉన్నవాళ్ళు బెంగళూరుకో కేరళకో పనికి పోతారు. ఊళ్ళో మిగిలేది ముసలివాళ్ళు, పిల్లలు. అరెస్టు సంగతి బంధువుకో మిత్రుడికో చెప్పాలని సంహితలోని 48వ సెక్షన్ అంటుంది. ఆ బంధువు బెంగళూరులో ఏదో అపార్ట్‌మెంటు పనిలో ఉంటాడు, బస్సెక్కి వచ్చేసరికి రిమాండు కూడా అయిపోతుంది. సుగాలి తాండాలో నాటుసారా కేసులో పట్టుబడిన ఆడమనిషి ఇంట్లో మాట్లాడేది సుగాలి భాష. మడకశిర, రాయదుర్గం వైపు కన్నడమే ఇంటి భాషగా ఉన్నవాళ్ళు తక్కువేం కాదు. కదిరి, హిందూపురం వీధుల్లో ఉర్దూ. స్టేషన్ కాగితం మాత్రం తెలుగులోనో ఇంగ్లీషులోనో నడుస్తుంది.

పిల్లల సంగతీ అంతే. వయసు తేల్చడానికి బాలల న్యాయ చట్టంలోని 94వ సెక్షన్ ముందు బడి సర్టిఫికెట్ అడుగుతుంది, లేకుంటే పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువీకరణ పత్రం, అదీ లేకుంటే వైద్య పరీక్ష. బడి మధ్యలో మాని పనికి పోయిన పిల్లవాడి దగ్గర మొదటి రెండూ ఉండకపోవచ్చు. చూడ్డానికి పెద్దగా కనబడితే 19 అని రాసేస్తారు. "వీడు మైనరు, వయసు తేల్చండి" అని ఆ క్షణాన అనేవాడు లేకపోతే, అనాల్సిన మాట నెలల తర్వాత జిల్లా జైల్లో లీగల్ ఎయిడ్ లాయరు నోట వస్తుంది.

అన్నిటికన్నా పెద్ద ఖాళీ మానసికంగా ఎదగనివారి, మతి స్థిమితం లేనివారి విషయంలో ఉంది. సంహిత 367వ సెక్షన్ నుంచి వారి గురించి చెబుతుంది. కానీ ఆ ఏర్పాటంతా కేసు మేజిస్ట్రేట్ దాకా వచ్చాకే మొదలవుతుంది. స్టేషన్‌లో ప్రశ్నించేటప్పుడు ఎవరుండాలో అందులో లేదు. ఊళ్ళో అందరికీ తెలుసు, "వాడు కొంచెం తక్కువ, ఏమడిగినా ఔనంటాడు" అని. ఏమడిగినా ఔననే మనిషి విచారణ గదిలో ఏ నేరాన్నయినా మోయగలడు.

పేరు చూసే అనుమానించే అలవాటు కూడా ఇక్కడిది పాతది. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చాక ఎరుకల, డొమ్మర వంటి కులాలవాళ్ళు పుట్టుకతోనే అనుమానితులయ్యారు. కొందరిని స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లకు తరలించారు. ఆ చట్టం 1952లో రద్దయింది. అలవాటుగా నేరం చేసేవారి పేరుతో వచ్చిన చట్టాలు, స్టేషన్‌లో పాత షీట్లు మిగిలాయి. విముక్త జాతులవారిని పోలీసులు ఇష్టానుసారం పట్టుకుపోకూడదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో సుకన్య శాంత కేసులో మళ్ళీ చెప్పాల్సి వచ్చిందంటే, 72 ఏళ్ళకు కూడా ఆ అలవాటు పోలేదనే అర్థం. ఊళ్ళో దొంగతనం జరిగితే ముందు ఎవరి గుడిసె దగ్గరికి జీపు వెళ్తుందో పల్లెలో ఎవరినడిగినా చెబుతారు.

ఇవి ఊహించి భయపెట్టే మాటలు కావు. 2020 నవంబరు 3న నంద్యాలకు చెందిన ఒక ఆటో డ్రైవరు భార్యతో, ఇద్దరు బిడ్డలతో పాణ్యం దగ్గర రైలు కింద పడి చనిపోయాడు. చేయని దొంగతనం ఒప్పుకోమని పోలీసులు వేధించారని ఆ కుటుంబం ముందుగా తీసుకున్న వీడియోలో చెప్పింది. ఒక సీఐ, ఒక హెడ్ కానిస్టేబుల్ అరెస్టయ్యారు. 2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరులో దొంగతనం అనుమానంతో తెచ్చిన దళిత మహిళ, ఇళ్ళలో వంట చేసుకు బతికే మనిషి, కస్టడీలో చనిపోయింది. ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్ళను ఉద్యోగాల నుంచి తొలగించారు. 2023 ఫిబ్రవరిలో మెదక్‌లో గొలుసు దొంగను పోలి ఉన్నాడని పట్టుకెళ్ళిన కూలీ గాంధీ ఆసుపత్రిలో ప్రాణం విడిచాడు. మూడు చోట్లా అనుమానం దొంగతనమే, మూడు చోట్లా మనుషులు పేదలే. ప్రతిసారీ బాధ్యులపై చర్య గురించి, పరిహారం గురించి మాట్లాడుకున్నాం. ఆ గంటల్లో వాళ్ళ పక్కన లాయరు ఎందుకు లేడన్నది పెద్దగా చర్చకు రాలేదు.

ఉచిత న్యాయ సహాయం వైపు చూస్తే కథ మరోలా ఉంటుంది. 1976లో 42వ సవరణతో 39ఏ అధికరణం చేరింది. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసు బిహార్ జైళ్ళలో మగ్గుతున్న విచారణ ఖైదీలను దేశానికి చూపింది. 1980 డిసెంబరులో భాగల్పూర్ అంధుల కేసులో, మొదటిసారి కోర్టుకు తెచ్చినప్పుడే ఉచిత లాయరు గురించి మేజిస్ట్రేట్ చెప్పి తీరాలని జస్టిస్ భగవతి అన్నారు. 1983లో షీలా బార్సే కేసు ఇంకో అడుగు ముందుకేసి, అరెస్టు చేసిన వెంటనే పోలీసులే దగ్గరలోని న్యాయ సహాయ కమిటీకి కబురు చేయాలంది. ఒక్క ఫోను. నలభై ఏళ్ళు దాటాక కూడా ప్రతి స్టేషన్ నుంచి ఆ ఫోను తప్పనిసరిగా వెళ్ళే ఏర్పాటు మనకు లేదు.

1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. దాని 12వ సెక్షన్ ఎవరెవరికి ఉచిత సహాయమో చెబుతుంది: ఎస్సీ, ఎస్టీలు, ఆడవాళ్ళు, పిల్లలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవాళ్ళు. కస్టడీలో ఉంటే చాలు, ఆదాయం అడగకూడదు. అదే జాబితాలో అనంతపురం వాళ్ళు గట్టిగా పట్టుకోవాల్సిన ఇంకొక వర్గం ఉంది. తమ తప్పేమీ లేకుండా లేమిలో పడినవారని చెబుతూ వరద, భూకంపం, కుల దౌర్జన్యాలతో పాటు కరువు బాధితులను కూడా చేర్చారు.

ఇది ఎందుకు ముఖ్యం? "సార్ రమ్మన్నాడు" అని వెళ్ళినవాడు రికార్డులో కస్టడీలో లేడు. కస్టడీ అనే అర్హత కింద అతనికి లాయరును అడిగితే, అరెస్టే కాలేదు కదా అంటారు. కరువు బాధితుడిగా అడిగితే ఆ జవాబు చెల్లదు. అరెస్టు అయ్యాడా లేదా అన్న ప్రశ్నతో దానికి నిమిత్తం లేదు. 2023 అక్టోబరు చివర ప్రభుత్వం రాష్ట్రంలో 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించినప్పుడు అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల మండలాలు అందులో చాలానే ఉన్నాయి. ఆ జాబితాను మనం పంట నష్టానికి, బ్యాంకు రుణాల రీషెడ్యూలుకు మాత్రమే వాడుతున్నాం. ఆ మండలాల్లో పంట పోయి లేమిలో పడిన రైతు, కూలీ స్టేషన్‌కు పిలుపు వచ్చిన నిమిషం నుంచే ఉచిత లాయరుకు అర్హులు. నాకు తోచినంతలో ఈ సెక్షన్‌ను ఇలా చదవడానికి అడ్డేమీ లేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఒక సర్క్యులర్‌తో దీన్ని స్పష్టం చేయవచ్చు.

అరెస్టుకు ముందు, అరెస్టప్పుడు, రిమాండప్పుడు న్యాయ సహాయం ఎలా అందాలో జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2019లో ఒక విధానం రూపొందించింది. 2022లో జీతం మీద పూర్తికాలం పనిచేసే డిఫెన్స్ కౌన్సెల్ వ్యవస్థ వచ్చింది. పాత ప్యానెల్ లాయరు తన సొంత కేసులు చూసుకుని మిగిలిన సమయంలో వచ్చేవాడు, కాబట్టి ఇది నిజమైన ముందడుగు. కానీ ఆ కార్యాలయం అనంతపురంలో ఉంటుంది. మడకశిర నుంచి, రాయదుర్గం నుంచి అనంతపురం సుమారు వంద కిలోమీటర్లు. రాత్రి పదింటికి ఫోను వస్తే బయలుదేరడానికి లాయరుకు బండి కావాలి, భత్యం కావాలి, స్టేషన్‌లో అడుగుపెట్టనిచ్చే ఉత్తర్వు కావాలి. కోర్టులున్న పట్టణాల్లో మండల న్యాయ సేవా కమిటీలున్నాయి. కదిరి, హిందూపురం, గుంతకల్లు, ధర్మవరం బార్‌లో రాత్రి డ్యూటీకి సిద్ధపడే కుర్ర లాయర్లను అక్కడే నియమించి, గౌరవంగా బతికేంత ఇవ్వడం పెద్ద ఖర్చేమీ కాదు. 2022 చివరికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉంటే వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. వాళ్ళకు తిండి పెట్టి కాపలా కాసే ఖర్చు ముందు ఈ లాయర్ల భత్యం ఎంత?

ఇతర దేశాలు ఈ చిక్కును ఎలా విప్పుకున్నాయో చూస్తే మన లోటు ఇంకా స్పష్టమవుతుంది. 1972లో లండన్‌లో ఒక హత్య కేసులో ముగ్గురు కుర్రాళ్ళు నేరం ఒప్పుకున్నారు. వాళ్ళలో ఒకడు బుద్ధి ఎదగనివాడు. శిక్షలు పడ్డాయి. 1975లో ఆ ఒప్పుకోళ్ళు నిలబడవని తేలి వాళ్ళు విడుదలయ్యారు. కాన్ఫెయిట్ కేసుగా పేరుపడిన ఆ ఉదంతంపై జరిగిన విచారణ తర్వాతే ఇంగ్లండ్‌లో 1984 నాటి పోలీసు చట్టం వచ్చింది. స్టేషన్‌లోనే అందరికీ ఉచిత లాయరు, పిల్లల పక్కనా బుద్ధి బలహీనుల పక్కనా పోలీసు కాని ఒక పెద్దమనిషి తప్పనిసరి. స్కాట్లండ్‌లో చాలాకాలం ఆరు గంటల పాటు లాయరు లేకుండా ప్రశ్నించే వీలుండేది. 2008లో టర్కీకి చెందిన 17 ఏళ్ళ కుర్రాడి కేసులో, లాయరు లేకుండా రాబట్టిన మాటతో శిక్ష వేయకూడదని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం తేల్చింది. దాన్ని పట్టుకుని 2010లో బ్రిటన్ సుప్రీంకోర్టు కాడర్ కేసులో స్కాట్లండ్ పద్ధతిని కొట్టేసింది. ఆ ఒక్క తీర్పుతో వందల కేసులు కూలిపోయాయి, రోజుల వ్యవధిలో చట్టం మారింది. కేసు పోతుందని తెలిశాకే స్టేషన్‌లోకి లాయరు వచ్చాడు.

మన దగ్గర దీనికి ఎదురుదారి నడిచింది. 2012లో కసబ్ తీర్పులో, మొదటిసారి హాజరుపరిచినప్పుడే లాయరును ఇవ్వడం మేజిస్ట్రేట్ విధి అని, అది చేయకపోతే శాఖాపరమైన చర్య ఉంటుందని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అదే నోటితో, విచారణ మొదలుకాకముందు లాయరు లేకపోయినంత మాత్రాన కేసు చెడదని కూడా చెప్పింది. స్టేషన్లకు వినబడింది రెండో మాటే.

ఆ అభిప్రాయం మారాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. మారగలదని చెప్పడానికి దగ్గరి ఉదాహరణే ఉంది. అరెస్టుకు కారణాలు చెప్పాలన్న నియమం కూడా దశాబ్దాల పాటు కాగితం మీదే ఉండిపోయింది. 2023లో పంకజ్ బన్సల్, 2024లో ప్రబీర్ పుర్‌కాయస్థ, 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ తీర్పులతో, కారణాలు చెప్పకపోతే అరెస్టే చెల్లదని తేలింది. 2025 నవంబరులో మిహిర్ షా కేసులో ఆ కారణాలను నిందితుడికి అర్థమయ్యే భాషలో రాసివ్వాలని, రిమాండుకు కనీసం రెండు గంటల ముందైనా చేతికందాలని సుప్రీంకోర్టు చెప్పింది. అర్థమయ్యే భాష అంటే సుగాలి, కన్నడం, ఉర్దూ మాట్లాడేవాళ్ళకు ఈ జిల్లాలో అది చిన్న విషయం కాదు. కాగితం చేతికిచ్చినా చదివి చెప్పే మనిషి కావాలిగా. కారణాలు ఇవ్వకపోతే అరెస్టు చెల్లనప్పుడు, న్యాయ సహాయ కార్యాలయానికి కబురు చేయకపోతే మాత్రం ఎందుకు చెల్లాలి? ఆ కబురు వెళ్ళిన సమయం రిమాండ్ రిపోర్టులో లేకపోతే రిమాండు తిరస్కరించే అధికారం మేజిస్ట్రేట్‌కు ఇవాళ కూడా ఉంది. వాడితే ఒక్క నెలలో జిల్లాలోని ప్రతి ఎస్సైకీ ఆ ఫోను నంబరు నోటికొస్తుంది.

పోలీసుల వైపు మాట కూడా వినాలి. లాయరు వస్తే నిందితుడు నోరు మూసుకుంటాడని, కేసు తేలదని వాళ్ళ భయం. నిజాయితీగా పనిచేసే ఎస్సైకి లాయరు వల్ల నష్టం లేదు. కొట్టలేదని, బెదిరించలేదని, మధ్యవర్తుల రిపోర్టు చదివి వినిపించాడని రేపు కోర్టులో అతని తరఫున చెప్పడానికి అంతకంటే మంచి ఆధారం దొరకదు. 2020లో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టమంది. కెమెరా జరిగింది చూపిస్తుందే గాని, జరగబోయేదాన్ని ఆపమని అడగదు.

రాష్ట్ర హైకోర్టు, అనంతపురం జిల్లా న్యాయ సేవాధికార సంస్థ పట్టించుకోవాల్సిన పని ఇది. స్టేషన్‌కు పిలిపించిన ప్రతి మనిషి పేరూ, వచ్చిన గంటా రిజిస్టరులో రాయించాలి. పిల్లలు, మతి స్థిమితం లేనివారు, తెలుగు రానివారు వస్తే లాయరు వచ్చేదాకా ప్రశ్నించకూడదు. ఇదంతా జరిగేదాకా చదువరులు ఒక పని చేయండి. మీ ఊళ్ళో ఎవరినైనా స్టేషన్‌కు రమ్మన్నారంటే, వాళ్ళు బయలుదేరకముందే 15100కి ఫోను చేయండి. అది న్యాయ సేవాధికార సంస్థల ఉచిత హెల్ప్‌లైన్. మనిషి పేరు, స్టేషన్ పేరు, పిలిచిన సమయం చెప్పి, ఫోను ఎన్ని గంటలకు చేశారో రాసిపెట్టుకోండి. ఎన్ని గంటలు అక్రమంగా ఉంచారో తర్వాత మేజిస్ట్రేట్ ముందు నిరూపించడానికి ఆ కాగితం పనికొస్తుంది.